ఎన్నికలు – దండోపాయము

2023వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన, సిద్దిపేట జిల్లా దౌల్తాబాదు మండలమందలి సూరంపల్లి గ్రామమున, దుబ్బాక శాసనసభా స్థానమునకు భారత రాష్ట్ర సమితి పక్షమున పోటీ చేయుచుండిన శ్రీ కొత్త ప్రభాకరరెడ్డిని, కరచాలనమునకై వచ్చినట్లు దాపునకు వచ్చిన యొక యువకుడు కత్తితో కడుపున పొడిచెను. ఆయన అప్పటికి మెదకు లోకసభ సభ్యుడు. గజ్వేలులో ప్రథమ చికిత్స జరిపి ఆయనను సికిందరాబాదునకు తరలించిరి. గజ్వేలునుండి సికిందరాబాదునకు పోవు రాజీవ్ రహదారి శామీర్‌పేటను ఒరసికొనియే పోవును. ఎన్నికల వేళ కత్తిపోటు అనునది ఎచటనో పల్నాటిలో, రాయలసీమలో జరుగు ముచ్చటయని తలంచు మన రాజధాని పరిసరముల జనులకు అది తమ గుమ్మము ముందుగా పోయిన దినము అది.

ఆ సాయంకాలమునకే పక్షములు ఒకదానినొకటి నిందించుకొన నారంభించినవి. మరునాడు దుబ్బాకలో బందు జరిగెను. ఆ యువకుడు సంచలనము కలిగించుటకే ఈ పని చేసినాడని పోలీసులు పిదప ప్రకటించిరి. ఎన్నిక జరిగి లెక్క తేలునప్పటికి శ్రీ ప్రభాకరరెడ్డి యాబదివేలకు పైబడిన ఆధిక్యతతో గెలిచెను. ఆ ఆధిక్యతలో కత్తిపోటు భాగమెంత, ఇతర కారణముల భాగమెంత యని తూచగల త్రాసు ఎవరి యొద్దను లేదు. ఒక్కటిమాత్రము కంటికి కనబడినది. ఏ పక్షమును తలపెట్టని హింస సయితము క్షణములో పక్షముల సరకై పోయెను. ఆ సరకునకు విపణి ముందుగనే సిద్ధమై యుండుటచేతనే గదా అట్లు జరిగినది!

ఎన్నికలకు ముందు హింస యేల చెలరేగునని అడిగినచో మన పెద్దలకు పాతబడిన సమాధానమొకటి నాలుక చివరనే యుండును: సారా, ఉడుకు రక్తము, రౌడీల చెలిమి, పల్లెలలోని పాత కక్షలు. ఇవి లేవని మేమనము. కాని కోపమునకు పంచాంగము లేదు. ఈ హింసకు పంచాంగము కలదు. నామినేషనుల చివరి దినమొకటి, ప్రచారము ముగియు సాయంకాలమొకటి, పోలింగు ఉదయమొకటి, లెక్కింపు రాత్రి యొకటి. తిథి వార నక్షత్రములు చూచుకొని వచ్చు కోపమును కోపమనుట తగదు. దానికి స్థలనియమము కూడ కలదు. ఒకే పక్షపు కార్యకర్తలు, అదే సారా త్రాగినవారు, ఒక తాలూకాలో రాళ్లు రువ్వుదురు. ప్రక్క తాలూకాలో కరపత్రములు పంచి యింటికి పోవుదురు. ఈ భేదమునకు కారణమేదో విచారింపక, ఊరక హింసను ఖండించి తీర్మానములు చేయుట ప్రయోజనము లేని పని.

మన రాజనీతిలో సామ దాన భేద దండములని నాలుగు ఉపాయములు చెప్పబడినవి. వాని క్రమమే వాని నీతి. దండము చివరిది, మిగిలిన మూడును వ్యర్థమైనప్పుడు మాత్రమే చేత బట్టవలసినది. నేటి పక్షములకు సామమనగా సభలు, వాగ్దానములు. భేదమనగా ఎదుటి పక్షమునుండి మనుష్యులను లాగుట. దానమునుగూర్చి చెప్పనక్కరలేదు, 2023 తెలంగాణ ఎన్నికలలో అధికారులు పట్టుకొనిన ధనము, మద్యము, బంగారము మొదలగువాని విలువయే 650 కోట్ల రూపాయలు మించెను, పట్టుబడనిది ఎంతయో ఊహించుకొనవలసినదే. ఇక మిగిలినది దండము. ఏ పక్షము ఎప్పుడు దానమును వదలి దండమును పట్టును? మా విచారము ఈ ప్రశ్నకు సంబంధించినది.

శామీర్‌పేట నివాసియగు శ్రీ ఈటల రాజేందరుగారి అనుభవమే చూడుడు. 2022 నవంబరు 1వ తేదీ మునుగోడు ఉపయెన్నిక ప్రచారమునకు తుదిదినము. ఆనాడు పలివెల గ్రామమున భారతీయ జనతా పక్షమువారికిని తెలంగాణ రాష్ట్ర సమితివారికిని రాళ్లతోను కర్రలతోను పోరు జరిగెను. ఆయన వాహనశ్రేణియు దెబ్బ తినెను. ఆ గ్రామము ఆయన అత్తవారి ఊరు. ఎదిరివారే మొదట రాయి విసిరిరని ఇరుపక్షములవారును అనిరి. మరుసటి యేడు జూను మాసమున, ఆయన ప్రాణమునకు ముప్పు కలదని ఆయన భార్య శామీర్‌పేటలో పత్రికలవారికి చెప్పగా, కొలది దినములకే ప్రభుత్వము ఆయనకు రక్షణ పెంచెను. ఆ ఆరోపణయందలి సత్యాసత్యములను ఇచట తీర్చవలసిన పని మాకు లేదు. శాసనసభ్యుడొకడు తన యింట తాను నిర్భయముగ నుండుటకు తుపాకి పట్టిన భటులు కావలసివచ్చిన కాలము ఎన్నికలకు అయిదు నెలల ముందు కాలమని మాత్రము గుర్తించుకొందము.

ఆ మునుగోడు ఎన్నికలో నూటికి తొంబదిముగ్గురు వోటు చేసిరి. గెలిచిన అభ్యర్థి ఆధిక్యత 10,309. దీనికి ప్రక్కనే మరియొక లెక్కను ఉంచి చూడవలెను. మేడ్చలు నియోజకవర్గము చేరియుండు మల్కాజిగిరి లోకసభ స్థానమున 2019లో వోటర్లు 31 లక్షలు దాటిరి. దేశమున అంతకంటె పెద్ద స్థానము లేదు. అచట వోటు చేసినవారు ఇంచుమించు సగము మంది. గెలిచిన శ్రీ రేవంతురెడ్డి ఆధిక్యత 10,919. రెండు చోట్లను అంతరము ఇంచుమించు ఒక్కటే. రెండు చోట్లను పక్షములకు ప్రతిష్ఠ సమస్యయే. అయినను పలివెలవంటి దృశ్యమునకు మల్కాజిగిరి పేరు పడలేదు. పోటీ బిగిసినకొలది హింస పెరుగునను సామాన్య సూత్రము ఇచట సరిపడుట లేదు. అట్లయినచో 31 లక్షలలో పదివేల తేడాగల చోట తలలు పగులవలసియుండెను.

భేదము ఎచటనున్నదో ఒకనాడు శామీర్‌పేట పెద్దచెరువు కట్టపై కూర్చుండిన యొక వృద్ధ రైతు మాకు తెలిపెను. గుప్త వోటు కదా, ఎవరి వోటు ఎవరికో నాయకులకెట్లు తెలియునని మేమడిగితిమి. ఆయన మా అమాయకత్వమునకు నవ్వి, “గుప్తమెక్కడిది సారూ? మా వాడకట్టుల ఎవలు ఎటు దిక్కున్నరో సర్పంచికి ఎర్కలేదా? పెట్టె ఇప్పినంక మా బూతుల ఎన్ని పడ్డయో లెక్క జూస్తరు. ఎనుకట లాగ గంపగుత్తగ పడకపోతే ఎవని ఇల్లు జారిందో ఒక్క రాత్రిల దెలుస్తది” అనెను. ఆ కట్టకు అవతల, రహదారికి దాపున, నాలుగైదు అంతస్తుల ఇండ్లు లేచుచున్నవి. అచటివారి మాట యేమని అడిగితిమి. “వాళ్లెవలో మాకు దెల్వదు, మేమెవలమో వాళ్లకు దెల్వదు. ఓటు ఉన్నదో లేదో గూడ దెల్వదు” అని ఆయన చేతితో తోసివైచెను.

మా యభిప్రాయమున హింసకు మూలము ఇదియే. బెదిరింపవలెనన్నచో ఎవరిని బెదిరింపవలెనో తెలియవలెను. బెదరినవాడు నిజముగ బెదరెనో లేదో పిదప కనుగొనుటకు దారియుండవలెను. తెలిసిన వోటు ఉన్నచోట కర్రకు పనియున్నది; తెలియని వోటు మీద కర్ర గాలిలో త్రిప్పినట్లే. మునుగోడు పల్లెలలో ప్రతి యిల్లు, ప్రతి కులము, ప్రతి వాడ లెక్కలో నున్నవి. నూటికి తొంబదిముగ్గురు కదలివచ్చుట ప్రజాచైతన్యమని మనము మురిసితిమి గాని, ఒక్కొక్క వోటరును ఇంటినుండి తోడ్కొని వచ్చినవారి చేత జాబితా యుండుటయు అందులో కొంత కారణము. మల్కాజిగిరి కాలనీలలో ప్రక్కింటివాని పేరే తెలియదు. అచట దండోపాయము దండుగ.

ఇది మా ఊహ మాత్రమే కాదు. ఇంగ్లండులో 1872 వరకు వోటరు బహిరంగముగ తన వోటును చెప్పవలసియుండెను. భూస్వామి గుమాస్తా వినుచుండెను, కూలి రౌడీలును వినుచుండిరి. ఆ సంవత్సరపు బ్యాలెటు చట్టము వోటును మరుగుపరచిన తరువాత, 1883 నాటి అక్రమచర్యల చట్టము వ్యయమునకు కళ్లెము వేసిన తరువాత, తలలు పగిలిన పాత ఎన్నికల వైభవము అచట క్రమముగ తగ్గిపోయెను. ఆంగ్లేయుల స్వభావము ఒక్క రాత్రిలో సాత్వికమాయెనా? కాలేదు, బెదిరించువానికి చెవి పోయెను, అంతే. ఇందుకు విపరీతము 2008లో జింబాబ్వేలో కనబడినది. మార్చి 29న జరిగిన మొదటి విడత ఎన్నికలో ప్రతిపక్ష నాయకుడు స్వాంగిరాయి ముందంజ వేసెను గాని సగము దాటలేదు. జూను 27న రెండవ విడత జరుగవలెను. ఏ జిల్లా ఏ పక్షమునకు మొగ్గినదో మొదటి విడత లెక్కయే చూపించెను. నడుమనున్న మూడు నెలలలో పాలకపక్షపు హింస, ఒకప్పుడు తమ కోటలై యుండి ఆ ఎన్నికలో జారిపోయిన మషోనాలాండు ప్రాంతముల మీదనే ఎక్కువగ విరుచుకొని పడెను. స్వాంగిరాయి అయిదు దినముల ముందుగా పోటీనుండి విరమించుకొనెను. లెక్కల కాగితమే దాడికి పటమాయెను.

ఇంతమాత్రముచేత మేడ్చలు, శామీర్‌పేటల జనులు నిశ్చింతగ నుండవచ్చునా? ఉండరాదని మా విశ్వాసము. ఏలననగా దండోపాయమునకు రెండవ కారణము ఇచట దినదినము బలియుచున్నది. అది పదవికి గల వెల.

ముప్పది నలుబది యేండ్ల క్రిందట ఈ ప్రాంతము ద్రాక్షపందిళ్లకు, కూరగాయలకు, చెరువు క్రింది వరికి పేరుపడినది. నేడు నాగపూరు రహదారి మేడ్చలును, కరీంనగరు రహదారి శామీర్‌పేటను దాటుచోట్ల 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు వచ్చి రెండింటిని ముడివేసినది. ఎకరములు పోయి గజములు వచ్చినవి. ఒక సర్వే నంబరు పట్టాయగునా, ప్రభుత్వ భూమియగునా, చెరువు శిఖమగునా యను ప్రశ్నమీద తరతరముల ఐశ్వర్యము ఆధారపడియున్నది. ఆ ప్రశ్నకు ఉత్తరము వ్రాయు కలము వెల యెంతయో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. 2020 ఆగస్టులో ఈ జిల్లాలోనే కీసర తహశీలుదారు, ఒక భూమి వ్యవహారమున 1 కోటి 10 లక్షల రూపాయల లంచము ఆరోపణపై అవినీతి నిరోధక శాఖవారికి పట్టుబడెను. 2024 ఫిబ్రవరిలో పది లక్షల లంచపు ఆరోపణపై శామీర్‌పేట తహశీలుదారు చిక్కెను. ఒక తహశీలుదారు సంతకమునకే ఇంత వెలయైనచో, ఆ తహశీలుదారును ఎచట నియమింపవలెనో, ఎప్పుడు బదిలీ చేయవలెనో సిఫారసు చేయగల శాసనసభ్యుని స్థానమునకు ఎంత వెల యుండునో పాఠకులే గుణించుకొందురు గాక!

ఎన్నికలో ఓడుట యనగా పూర్వము అయిదేండ్లు ప్రతిపక్షమున కూర్చుండుట. ఇప్పుడు ఓడుట యనగా పోలీసు ఠాణాలో పలుకుబడి, భూముల తగవులలో తీర్పు, కంట్రాక్టులు, క్వారీలు, ఇసుక, సారా దుకాణములు ఒక్క దినమున చేజారుట. అభ్యర్థికంటెను ఈ నష్టము అతని వెనుకనున్న రెండవ మూడవ శ్రేణి నాయకులకు ఎక్కువ బాధాకరము. అభ్యర్థి ఓడినను మరియొక పక్షమున చేరి మరల టిక్కెట్టు తెచ్చుకొనును. మన రాష్ట్రములలో ఇది నిత్యకృత్యము. గ్రామములోని అనుచరునకు ఆ సౌకర్యము లేదు. ప్రత్యర్థి గెలిచిన మరునాడే అతనిపై పాత కేసులు తిరుగదోడబడును. కావున అతడు ఓటమిని ఓటమిగా గాక సర్వస్వహరణముగా చూచును. కర్ర పట్టువాడు సామాన్యముగ అతడే. రాజధానిలోని పక్షాధ్యక్షుడు కాడు. అధ్యక్షుడు చేయు నేరము వేరు: కర్ర పట్టవలదని చెప్పకుండుట, పట్టినవానిని పిదప విడిపించుట. అధికారము మారగనే తమవారిపై నున్న అభియోగములను ఉపసంహరించు ఆచారము ఎంత ముదిరినదనగా, శాసనసభ్యులపై లోకసభ సభ్యులపై నున్న కేసులను హైకోర్టు అనుమతి లేనిదే ఉపసంహరింపరాదని 2021 ఆగస్టులో సుప్రీముకోర్టు ఆజ్ఞాపింపవలసి వచ్చినది.

ఈ రెండు కారణములును కలిసినచోట, అనగా వోటు తెలిసియుండి పదవి వెల హెచ్చియున్నచోట, హింస ఎన్నికలకు ముందుకు, ఇంకను ముందుకు జరుగును. పోలింగునాడు వేలమందిని బెదిరింపవలెను. నామినేషను దినమున ఒక్కని బెదిరించిన చాలును. ఈ పొదుపు పక్షములకు చక్కగ తెలిసినది. 2020 మార్చిలో ఆంధ్రప్రదేశమున జిల్లా పరిషత్తు ప్రాదేశిక స్థానములకు నామినేషనులు ముగిసినప్పుడు 652 స్థానములలో 126 పోటీ లేకయే నిర్ణయమైనవి. మరుసటి యేడు పురపాలక ఎన్నికలలో మాచెర్లలోని 31 వార్డులును ఒక్క వోటయినను పడకుండ ఏకగ్రీవమైనవి. అవన్నియు బలవంతపు ఏకగ్రీవములని మేము చెప్పజాలము. కాని ఆ మార్చి 11న అదే మాచెర్లలో, నామినేషనుల తగవు విచారింపవచ్చిన ప్రతిపక్ష నాయకుల కారు మీద పట్టపగలు దుడ్డుకర్రతో దాడి జరిగిన దృశ్యమును దేశమంతయు చూచెను. పశ్చిమ బంగాళములో 2018 పంచాయతీ ఎన్నికలలో నూటికి 34 స్థానములకు పోటీయే లేకపోయెను. ఏకగ్రీవమను మాట వినసొంపైనది. ఒకే కంఠము వినబడుట, మిగిలిన కంఠములు పలుకుటకు ఇష్టపడకపోవుటవలననా, నొక్కబడుటవలననా యనునది ఆ మాటలో తెలియదు.

తెలంగాణములో ఏకగ్రీవమునకు దండముకంటె దానమే ఎక్కువగ తోడైనది. 2019 పంచాయతీ ఎన్నికల వేళ ఏకగ్రీవమైన గ్రామమునకు పది లక్షల రూపాయలు ఇత్తుమని ప్రభుత్వమే ప్రకటించెను. సర్పంచి పదవిని గుడియొద్ద వేలము వేసిన గ్రామముల వార్తలు పత్రికలలో నిండెను. పాట పాడలేని పేదవాడు తానును నిలిచెదనన్నచో వానికేమి జరుగునో ఆ వార్తలలో ఉండదు. దానము ఆగినచోట దండము మొదలగుననుటకు నగర పరిసరములలోనే మరియొక సాక్ష్యము కలదు. 2023 నవంబరు 9న, హైదరాబాదునకు దక్షిణమున ఇబ్రహీంపట్నములో, ఇరుపక్షముల అభ్యర్థులు ఒకే దినమున నామినేషనులు వేయ బయలుదేరగా ఊరేగింపులు ఎదురుపడి రాళ్లు రువ్వుకొనిరి. పోలీసులు లాఠీలకు పని చెప్పిరి. ఇబ్రహీంపట్నమును మేడ్చలువలెనే భూమి బంగారమైన చోటు. అదియును సగము పల్లె, సగము నగరము.

హింస పక్షముల మధ్యనే గాక పక్షము లోపలను పుట్టును. దీనికి ఉదాహరణము మేడ్చలువారికి పరిచితుడైన పురుషుని చరిత్రలోనే యున్నది. డాక్టరు మర్రి చెన్నారెడ్డి 1978లో మేడ్చలునుండి శాసనసభకు ఎన్నికై ముఖ్యమంత్రి యాయెను. 1989లో సనతునగరునుండి గెలిచి రెండవమారు ఆ పదవి నధిష్ఠించెను. 1990 చివర హైదరాబాదు పాతనగరమున మతకలహములు చెలరేగి నూరుమందికి పైగా చనిపోయిరి. ఆ యల్లరుల వెనుక స్వపక్షమందలి తన విరోధులే యున్నారని ముఖ్యమంత్రియే ఆరోపించెను. డిసెంబరులో ఆయన పదవి వీడెను. అప్పుడు శాసనసభ ఎన్నికలు దరిదాపులలో లేవు. కాని ఒక ఎన్నిక జరుగుచునే యుండెను: ఢిల్లీ అధిష్ఠానము ఎదుట, కొలదిమంది పెద్దల మనస్సులలో. వోటర్లు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియై, ప్రతివాని మొగ్గు తెలిసియున్న ఎన్నిక అది. ఆయన ఆరోపణ నిజమైనచో, ముఖ్యమంత్రి కుర్చీ క్రింద నిప్పు పెట్టుటకు ఏ పాపము నెరుగని పాతనగరపు బీదల గుడిసెలు వంటచెరకాయెనన్నమాట. నిజము కానిచో, అట్టి యారోపణ చేయుటకు ఒక ముఖ్యమంత్రి జంకని స్థితికి పక్షము వచ్చెనన్నమాట. రెండింటిలో ఏది మేలో మాకు తెలియదు.

హింస మన నేలకు సహజమను నిరాశావాదులకు ఒక్కమాట. 1951 అక్టోబరులో, వేలకొలది ప్రాణములు బలియైన తెలంగాణ సాయుధ పోరాటమును కమ్యూనిస్టులు విరమించిరి. మరి కొన్ని నెలలకే, పక్షముపై నిషేధముండుటచే ప్రజాస్వామిక ఫ్రంటు పేర ఎన్నికలలో నిలిచిరి. నల్లగొండనుండి రావి నారాయణరెడ్డి నెహ్రూకంటెను ఎక్కువ వోట్లు పొంది లోకసభకు పోయెను. అడవిలో తుపాకి పట్టిన చేయి, తుపాకికంటె పెట్టె మేలని తోచినప్పుడు దానిని దించినది. అదే నేల, అదే జనము. రజాకార్ల చేతను, పోలీసుల చేతను, దేశముఖుల చేతను అంతగా హింస ననుభవించిన ఆ పల్లెలలో పగ తక్కువా, నేటి మన పల్లెలలో తక్కువా?

పోనీ, ఈ దండోపాయము ఫలించుచున్నదా? ఆశ్చర్యమేమనగా, తరచుగ ఫలించుట లేదు. 2024 మే 13న మాచెర్ల నియోజకవర్గములోని పాల్వాయిగేటు పోలింగు కేంద్రమున, అప్పటి శాసనసభ్యుడు శ్రీ పిన్నెల్లి రామకృష్ణారెడ్డి లోనికి వచ్చి వోటింగు యంత్రమును నేలకు విసరికొట్టిన దృశ్యమును ఎన్నికల సంఘమువారి కెమెరాయే పట్టుకొనెను. పల్నాడు, అనంతపురము జిల్లాల పోలీసు సూపరింటెండెంట్లను సంఘము తొలగించెను. లెక్కింపునాడు ఆయన ముప్పదివేలకు పైబడిన తేడాతో ఓడెను. జూను 26న అరెస్టయ్యెను. మూడేండ్ల క్రిందట ఒక్క వోటయినను పడనీయకుండ 31 వార్డులు దక్కిన పట్టణము ఆ నియోజకవర్గమునకు తలమానికము! వోటు చేయుటకు వీలు చిక్కని జనము, వీలు చిక్కినప్పుడు ఏమి చేసిరో చూచితిమి. అయినను దండోపాయము ఆగదు. ఏలననగా గెలుపునకు చాలకపోయినను, ఊరిలో తన మాట చెల్లుచున్నదని చూపుకొనుటకు అనుచరునకు అది చాలును. పక్షపు లాభము వేరు, కర్ర పట్టినవాని లాభము వేరు. ఈ రెండును ఒక్కటేయని భ్రమించుటవలననే మన ఖండన తీర్మానములు గురి తప్పుచున్నవి.

ఇక మేడ్చలు, శామీర్‌పేటల మాట. 2024, 2025 సంవత్సరములలో ఈ ప్రాంతపు గ్రామపంచాయతులు ఒకటొకటిగా పురపాలక సంఘములలో కలిసిపోయినవి. సర్పంచి పోయి కౌన్సిలరు వచ్చుట పేరు మార్పు మాత్రమే కాదు. పాత ఊరి వాడకట్టును, క్రొత్త కాలనీయును ఒకే వార్డులో పడుచున్నవి. కాలనీవారు వోటునకు రాకుండిరా, ఆ వార్డును పాత ఊరి తెలిసిన వోటే నిర్ణయించును. కొలది వందల వోట్లు చేత బట్టినవాడు కోట్ల విలువగల భూములపై అధికారము సంపాదించును. వోటు తెలిసినది, పదవి వెల పెరిగినది: హింసకు కావలసిన రెండు దినుసులును ఒకే కుండలో పడినట్లే. సెలవు దొరకెనని పోలింగునాడు ఊరు విడిచిపోవు విద్యావంతులు పల్లెల మోటుదనమును పత్రికలలో చదివి నొచ్చుకొందురు. తమ గైర్హాజరు ఆ మోటుదనమునకు పెట్టుబడియగుచున్నదని వారికి తోచదు.

చట్టమునందు వైద్యమొకటి లేకపోలేదు. కాగితపు వోట్ల కాలమున, బెదిరింపుల భయమున్న చోట్ల అనేక కేంద్రముల వోట్లను కలిపి లెక్కించుటకు ఎన్నికల నిర్వహణ నియమములలో 59ఎ అను నియమము వీలు కల్పించెను. ఏ వాడ ఎటు మొగ్గినదో అప్పుడు తెలియదు. యంత్రములు వచ్చినవి, 2004 సార్వత్రిక ఎన్నికలనుండి దేశమంతటను అవియే. దొంగవోట్ల గుద్దులాటకు అవి కొంత కళ్లెము వేసినమాట నిజము. కాని ఒక్కొక్క యంత్రము తన లెక్కను తానే చెప్పుటచే ఏ వీధి ద్రోహము చేసినదో, ఏ వీధి విశ్వాసము నిలుపుకొనినదో బయటపడుచున్నది. దీనికి ప్రతిక్రియగా పదునాలుగు యంత్రముల లెక్కను కలిపి చూపు టోటలైజరు అను పరికరమును ఎన్నికల సంఘము 2008లోనే ప్రతిపాదించెను. 2015 మార్చిలో లా కమిషను తన 255వ నివేదికలో దానిని బలపరచెను. కేంద్ర ప్రభుత్వము అంగీకరింపలేదు. ఏ కేంద్రమున తమకెన్ని వోట్లు వచ్చినవో తెలిసినప్పుడే పక్షములు తాము వెనుకబడిన చోట్ల ఎక్కువ శ్రద్ధ చూపునని మంత్రుల సంఘము తలంచెను. శ్రద్ధ యను మాటకు ఎన్ని అర్థములు కలవో ఆ మంత్రులకు తెలియకుండునా!

ఫలితములు వెలువడిన కొన్నాళ్లకు పోలింగు కేంద్రముల వారీ లెక్కలు ఫారము 20 అను పేర ఎన్నికల అధికారులచే ప్రకటింపబడును. గడచిన ఎన్నికల తరువాత నగర శివారునందలి యొక పక్షకార్యాలయమునకు పోయినప్పుడు మేము ఆ కాగితములను గోడమీద వరుసగ అంటించియుండగా చూచితిమి. కొన్ని కేంద్రముల అంకెల చుట్టును ఎర్రసిరాతో గుండ్రములు చుట్టియుండెను. అచటనున్న యువకుడు మర్యాదస్థుడు. కుర్చీ వేసి చాయ తెప్పించెను. ఆ గుండ్రములేమని అడిగితిమి.

“గవి మనయి కావు సార్. మళ్ల ఎలక్షన్లు రాకముందే సూసుకోవాలె” అని అతడు చాయకప్పు మా చేతి కందించెను.